గనికి రైలు వచ్చింది, గూడేనికి బడి ఏది?

1968లో బైలడిల్లా కొండల్లోని కిరండూల్‌లో ఇనుప ఖనిజం తవ్వకం మొదలైంది. దాన్ని జపాన్‌కు ఎగుమతి చేయడానికి తూర్పు కనుమలను తొలిచి కొత్తవలస దాకా రైలు మార్గం వేశారు. విశాఖ ఉక్కు కొలిమిలో కరిగేది కూడా ఎక్కువగా ఆ ఖనిజమే. గని వెంటే కిరండూల్, బచేలి టౌన్‌షిప్‌లు వెలిశాయి. క్వార్టర్లు, ఆసుపత్రి, వాటితోపాటు బడులూ వచ్చాయి. దూర రాష్ట్రాల నుంచి వచ్చిన ఉద్యోగి పిల్లలకు ఇంటి దగ్గరే బడి ఉండాలని ఎన్‌ఎండీసీకి ఎవరూ ఉద్యమించి చెప్పాల్సిన పని లేకపోయింది.

మరి ఆ కొండ కింద తరతరాలుగా బతుకుతున్న గోండు పిల్లల సంగతి? 2005లో సల్వా జుడుం మొదలయ్యాక ఊళ్ళు ఖాళీ అయ్యాయి. కొన్ని బడులను మావోయిస్టులు పేల్చారు, కొన్నింటిలో భద్రతా బలగాలు మకాం వేశాయి. బడులను ఖాళీ చేయాలని 2011లో సుప్రీంకోర్టు ఆదేశించాల్సి వచ్చింది. మూతపడిన బడులకు బదులుగా రోడ్డు పక్కన వెదురు పలకలతో పోర్టా క్యాబిన్ వసతి పాఠశాలలు కట్టారు. ఆరేళ్ళ పిల్లలు అమ్మానాన్నలను వదిలి అక్కడికి వెళ్ళాలి. 2024 మార్చిలో బీజాపూర్ జిల్లాలో అలాంటి ఒక పాఠశాలకు నిప్పంటుకుని నాలుగేళ్ళ పాప చనిపోయింది.

మూతపడ్డ బడుల్లో కొన్ని ఇప్పుడు మళ్ళీ తెరుచుకుంటున్నాయి. సంతోషమే. అయితే తాళం తీసినంత మాత్రాన బడి నడవదు. 1927లో బొంబాయి శాసన మండలిలో అంబేడ్కర్ ఈ మాటే లెక్కలతో చెప్పారు. ప్రాథమిక బడిలో చేరిన ప్రతి వంద మందిలో పద్దెనిమిది మందే నాలుగో తరగతికి చేరుతున్నారని, అక్షరం నిలవకముందే పిల్లలు బడి మానేస్తే పెట్టిన ఖర్చంతా వృథా అని ఆయన వాదించారు. హిందీ ఒక్క ముక్క రాని గోండు పిల్లవాడికి మొదటి రోజే హిందీ పుస్తకం ఇస్తే జరిగేది అదే. హింసకు భయపడి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాకు, అంటే బొగ్గు గనుల నేలకు, వలస వచ్చిన గొత్తికోయల పిల్లలకు ఆ స్థానంలో తెలుగు పుస్తకం ఎదురవుతోంది.

దీనికి దారి తెలియక కాదు. 1943లో నిజాం రాజ్యంలోనే, ఆదిలాబాద్ జిల్లా మార్లవాయిలో హైమెండార్ఫ్ చొరవతో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ ఇచ్చారు, గోండిలో వాచకాలు రాయించారు. ముందు గోండు పంతులు తయారయ్యాడు, తర్వాత గూడేల్లో బడులు నిలిచాయి.

నేడు చట్టం కూడా ఉంది. విద్యాహక్కు చట్టం నియమాల ప్రకారం కిలోమీటరు లోపు ప్రాథమిక బడి ఉండాలి. వీలైనంతవరకు బోధన మాతృభాషలో సాగాలని ఆ చట్టమే చెబుతోంది. డబ్బూ ఉంది. 2015 నుంచి ప్రతి గనుల జిల్లాలో జిల్లా ఖనిజ నిధి ఉంది. అది గని వల్ల నష్టపోయిన ప్రజల కోసం ఏర్పడింది. విద్య దాని ప్రాధాన్య రంగాల్లో ఒకటి.

కాబట్టి దంతెవాడ, బీజాపూర్ కలెక్టర్లను అడగాల్సింది పెద్ద భవనాల గురించి కాదు. ఆ నిధితో ఏ గూడెంలో బడి తెరిచారు? అక్కడ గోండి వచ్చిన పంతులు ఎందరు? చేరిన పిల్లల్లో ఐదో తరగతి దాటింది ఎందరు? ఈ మూడు లెక్కలు ఏటా గ్రామసభ ముందు పెట్టాలి. కొండను ఇచ్చినవాళ్ళు అడుగుతున్నది దానం కాదు, బాకీ.