పిల్లికూనను విడుచుట దానము కాదు



కడచిన శనివారము ఉదయము దేవాలయపు తలుపులు తీయబోవు వేళ గడపయొద్ద ఒక అట్టపెట్టె కనబడినది. లోపల పాత తువాలుపై సుమారు మూడు నెలల పిల్లికూన యొకటి ముడుచుకొని యుండెను. ప్రక్కనే చిన్న గిన్నెలో పాలు పోసి యుంచిరి. పాలు పోసినవారి హృదయము రాతిది కాదు. వారెవరో విచారించుట నా యుద్దేశమును కాదు. దేవుని సన్నిధిలో విడిచితిమి గనుక తమ ధర్మము తీరినదని వారు తలచి యుందురు. ఆ తలంపు సరియైనది కాదని మనవి చేయుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

“గుడిలో ప్రసాదముండును, పూజారి యుండును, భగవంతుడుండును, పిల్లికేమి కొదువ?” అని కొందఱందురు. పులిహోర, దద్దోజనము, చక్కెరపొంగలి మనకు ప్రసాదములు. పిల్లి మాంసాహార జంతువు. తల్లిపాలు మానిన పిల్లులలో పెక్కింటికి ఆవుపాలు సైతము అరుగవు. మధ్యాహ్నపు హారతి యైన పిమ్మట సాయంకాలము వఱకు గుడి మూసియుండును. ఎదుటి బాటపై పామాయిలు గెలలను మోయు లారీలు తిరుగుచుండును. రాత్రివేళ వీధికుక్కలు తిరుగును. అందఱి పిల్లి యనగా ఎవరి పిల్లియు కాదు.

పిల్లిని చంపినవారు బంగారు పిల్లిని దానమీయవలయునని మన పెద్దలు చెప్పుదురు. ఆ భయముచే మనలో ఎవ్వరును పిల్లిని చంపరు. కాని కంటికి కనబడని చోట విడిచి వత్తురు. చేతికి రక్తమంటనంత మాత్రమున పాపమంటలేదని చెప్పుకొనుట మనలను మనము మోసగించుకొనుటయే.

శ్రీవైష్ణవ సంప్రదాయములో శరణాగతిని వివరించుటకు రెండు న్యాయములు చెప్పుదురు. కోతిపిల్ల తన తల్లి పొట్టను తానే గట్టిగా పట్టుకొనును. ఇది మర్కటకిశోర న్యాయము; వడగలైవారి మతము. పిల్లికూన యే ప్రయత్నమును చేయదు. తల్లియే నోట కఱచుకొని మోయును. ఇది మార్జాలకిశోర న్యాయము, తెంగలైవారి మతము. భగవంతుని దయకు ఉపమానముగా తెంగలై పెద్దలు ఎన్నుకొన్నది ఈ తల్లిపిల్లినే. ఆమె చేయు పనిని మనము గమనింపవలయును. పిల్లి తన కూనలను ఏడిండ్లు త్రిప్పునని సామెత. ఒక చోటు బాగులేనిచో మఱియొక చోటికి కొనిపోవును గాని, త్రోవ నడుమ నోరు తెఱచి విడువదు. “దేవుడే చూచుకొనును” అని పెట్టెను గడపయొద్ద ఉంచి వెడలిపోవుట త్రోవ నడుమ విడుచుటయే.

ఇతరులకు చెప్పుటకు ముందు నా తప్పు చెప్పుకొందును. మేము తోటలోని లైను ఇంటిని ఖాళీచేసి ఫ్లాటునకు మారిన దినమున సామానంతయు లారీ కెక్కినది. ఇంటి పిల్లి మాత్రము ఎక్కలేదు. “అది తోటలోనే బ్రతుకును, ఎలుకలు కావలసినన్ని యున్నవి” అని మా తండ్రిగారనిరి, మేమందఱమును ఔనంటిమి. పది దినముల తరువాత మిగిలిన రేకుల కొఱకు నేను వెళ్ళినపుడు అది తలుపులు లేని వంటయింటిలో చల్లారిన పొయ్యి ప్రక్కన కూర్చుండి యుండెను. నన్ను చూచి లేచివచ్చి కాళ్ళకు రాచుకొనినది. అప్పుడైనను తెచ్చితినా? లేదు. చేతులలో రేకులుండెను. మఱునాడు వత్తుననుకొంటిని; మఱునాడు పోలేదు.

బటాంగ్ బెర్జుంటై పరిసరములలోని తోటలనుండి ఇట్లు ఇండ్లు మారిన కుటుంబములు మనలో అనేకములు. 2007లో ఈ ఊరికి బెస్తారి జయ యని పేరు మార్చిరి. పాత పేరును మనము నేటికిని విడువలేకున్నాము. పాత పిల్లులను మాత్రము సులభముగా విడిచితిమి. కంగాణి మాట నమ్మి ఓడ నెక్కి, తెలియని రేవులో దిగి, తెలియని తోటకు చేరినవారి సంతతివారము మనము. ఎఱుగని చోట దింపబడుట యెట్టిదో మనకు వేఱొకరు చెప్పనక్కఱలేదు.

1960లో సరావాక్ రాష్ట్రపు కొండసీమయైన బారియోలో ఎలుకల బెడద హెచ్చినపుడు, బ్రిటిషు వైమానిక దళమువారు 20కి పైగా పిల్లులను పారాషూటులతో అచట దింపిరి. ఆకాశమునుండి దింపబడిన పిల్లులకు సైతము పెట్టె యుండెను, పారాషూటు ఉండెను, వానితో అవసరము గలవారు క్రింద నుండిరి. మన గడపయొద్ద విడువబడిన కూనకు పెట్టె మాత్రమే యుండెను.

దానమునకు దేశమును, కాలమును, పాత్రమును చూడవలెనని భగవద్గీత 17వ అధ్యాయము బోధించుచున్నది. పిల్లికూన నిచ్చుటకును ఇదియే నియమము. ఎనిమిది వారములు నిండక కూనను తల్లినుండి వేఱుచేయరాదు. అడిగినవారు పసివారైనచో వారి తల్లిదండ్రుల సమ్మతి తెలిసికొనవలయును. ఫ్లాటులో నివసించువారైనచో అచట పిల్లిని పెంచుటకు అనుమతి కలదో లేదో విచారింపవలయును. ఎలుకలను పట్టుటకని అడుగువారికి, అన్నము పెట్టిన పిల్లియు ఎలుకలను పట్టునని చెప్పవలయును. వారి యింటను తోటలోను ఎలుకల మందు పెట్టుచున్నారేమో యడుగవలయును. మందు తిన్న ఎలుకను తినిన పిల్లికి ప్రాణాపాయము కలదు. క్రొత్త యింటిలో కొన్ని దినములు ఒక గదిలోనే యుంచి, పిమ్మట బయటికి విడువుమని చెప్పవలయును. వారము దినముల తరువాత వెళ్ళి చూచిరావలయును. కుదరనిచో మరల తెచ్చుకొందుమని ముందే మాట యీయవలయును.

అన్నింటికంటె ముఖ్యమైనది సంతాన నిరోధక శస్త్రచికిత్స. ఆడపిల్లి అయిదారు నెలల వయసుననే చూలు దాల్పగలదు. సుమారు 63 దినములకు ఈనును. ఏడాదికి రెండు మూడు ఈతలు ఈనగలదు. “ప్రకృతికి అడ్డుపడుట పాపము కాదా?” యని కొందఱు పెద్దలు నన్నడిగిరి. ఈనిన కూనలను పెట్టెలలో పెట్టి పంచుట అంతకంటె పెద్ద పాపమని నా మనవి. ఈ ఖర్చును, టీకాల ఖర్చును ఇచ్చువారును పుచ్చుకొనువారును సగముసగము భరించుట న్యాయము.

మన దేశపు చట్టమును ఈ బాధ్యతను గుర్తించినది. 2015 నాటి జంతుసంక్షేమ చట్టము 2017 నుండి అమలులో నున్నది. దాని ప్రకారము జంతువులను క్రూరముగా హింసించినవారికి 20,000 రింగిట్లకు తక్కువ కాకుండ 1,00,000 రింగిట్ల వఱకు జరిమానా గాని, మూడేండ్ల వఱకు కారాగారవాసము గాని, రెండును గాని కలవు. జరిమానాకు వెఱచి చేయు ధర్మము చిన్నదే; అయినను అదియు లేకున్నదానికంటె మేలు.

ఇక మన కూన సంగతి. ముగ్గురు వచ్చి యడిగిరి. ఒకరు బియ్యపు కొట్టులో ఎలుకలకై యడిగి, శస్త్రచికిత్స మాట వినగానే వెనుదిరిగిరి. ఒక బాలిక యడిగినది. ఆమె తల్లి వలదనినది. మూడవవారు మా వెనుక వీధిలో నివసించు మలాయ్ పెద్దమ్మ. ఆమె యింట ఇదివఱకే రెండు పిల్లులు కలవు. నేను ప్రశ్నించుటకు ముందే ఆమె నన్ను ప్రశ్నించినది: ఇది యేమి తినుచున్నది? టీకాలు వేయించితిరా? నా పిల్లులతో పొసగనిచో మీ యొద్దకు తేవచ్చునా? ఆ మూడు ప్రశ్నలు వినిన పిమ్మట నాకు సందేహము మిగులలేదు. “గుడి పిల్లిని అన్యమతస్థుల యింటికిత్తురా?” అని మనలో ఒకరిద్దఱు గొణిగిరి. కూనను గడపయొద్ద విడిచినవారు మనవారు. దాని ఆకలిని గూర్చి యడిగినది ఆమె. పాత్రమెవరో మీరే చెప్పుడు.

కనుక నా విన్నపము ఒక్కటియే. ఇకమీదట ఎవరింటనైనను పెంచలేని కూన యున్నచో, పెట్టెను గడపయొద్ద విడిచి చీకటిలో మఱలిపోకుడు. పెట్టెతో లోపలికి రండు. మిమ్ము ఎవ్వరును నిందింపరు. ప్రకటనల పలకపై వ్రాయుదము. భజన ముగిసిన పిమ్మట అందఱితో చెప్పుదము. తగిన యిల్లు దొరకువఱకు మీ యింట కొన్ని దినములు, మా యింట కొన్ని దినములు ఉంచుకొందము. ఏడిండ్లు త్రిప్పవలసి వచ్చినను త్రిప్పుదము గాని, త్రోవ నడుమ విడువము.