మట్టి మిద్దెకు సౌరవిద్యుత్తు

మడకశిర రైతు సోదరులారా! సౌర ఫలకముల కొరకు పాత మట్టి మిద్దెను పడగొట్టి కాంక్రీటు కప్పు వేయదలచితిరా? కొంచెము ఆగండి. చేతిలోని సొమ్మంతయు కప్పుకే కరగిపోవును. పైగా ఎండను అడ్డగించు ఆ మందపాటి మన్ను మరల రాదు. వానలకు ముందు చవుడు పరచి, పగటి వెలుతురుకు గవాచి తెరచియుంచిన చాలును. 60 వాట్ల బల్బు స్థానమున 9 వాట్ల ఎల్.ఇ.డి. దీపము పెట్టవలెను.

ఫలకములను మాత్రము మిద్దెపై బిగించరాదని నా అభిప్రాయము. బోల్టులు దిగిన చోట వాననీరు దిగి దూలములు పుచ్చును, బరువు సరేసరి. చింతచెట్టు నీడ పడని పెరటిలో ఇనుప స్తంభములపై ఎత్తుగా చట్రము నిలిపి దక్షిణమునకు వాల్చినచో, క్రింద పశువులకు నీడయు దక్కును. కిలోవాటుకు సుమారు 10 చదరపు మీటర్ల చోటు కావలెను. దినమునకు సుమారు 4 యూనిట్లు వచ్చును. 2024లో ఆరంభమైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకమున మొదటి రెండు కిలోవాట్లకు, కిలోవాటుకు 30,000 రూపాయల చొప్పున సహాయము నిర్ణయించిరి. పెరటి చట్రమునకు అది చెల్లునో లేదో స్తంభములు నాటకముందే విద్యుత్ కార్యాలయమున అడుగవలెను.