పండుగకు ఇంటికి వచ్చే పెద్దలు

ఈద్ దగ్గరపడితే వృద్ధాశ్రమాలలోని పెద్దల చూపంతా గేటు వైపే ఉంటుంది. కొడుకో కూతురో వచ్చి నాలుగు రోజులు ఇంటికి తీసుకువెళితే అదే వారికి అసలైన పండుగ. తప్పక తీసుకువెళ్ళాలి. కాని ఎలా తీసుకువెళుతున్నామో కూడా ఆలోచించాలి.

ఆటో బయట నిలబడి ఉంటుంది. రిజిస్టరులో ఒక సంతకం, చేతికి ఒక మందుల సంచి. చాలాచోట్ల అంతటితో సరి. ఏ మాత్ర ఏ వేళకో చెప్పేవారుండరు, అడిగేవారూ ఉండరు. ఇన్సులిన్ తీసుకునే అమ్మీ పండుగ సందడిలో వేళకు తినకపోతే షుగరు పడిపోతుంది. చెమటలు పట్టి మాట తడబడితే అలసటేలే అనుకుంటాం. రక్తం గడ్డకట్టకుండా మందు వాడేవారు స్నానాలగదిలో జారిపడితే, తలకు తగిలిన చిన్న దెబ్బయినా ప్రాణాల మీదకు తేవచ్చు. మతిమరుపు ఉన్న అబ్బాజాన్ ఈద్గా జనంలో చేయి వదిలితే ఇంటి చిరునామా చెప్పలేరు.

అందుకే ఒక కాగితం కావాలి. వెళ్ళే తేదీ, గంట, తిరిగివచ్చే రోజు, తీసుకువెళ్ళేవారి పేరు, ఫోను, ఎన్ని మాత్రలు ఇచ్చారు, మోతాదు, వేళ, పడని మందులు, డాక్టరు నంబరు అందులో ఉండాలి. ఒక ప్రతి ఆశ్రమంలో, ఒకటి మన దగ్గర. చిరునామా చీటీ పెద్దల జేబులోనూ ఉండాలి. అన్నిటికంటే ముందు, వారికి రావాలని ఉందో లేదో వారినే అడగాలి.

అమెరికాలో మెడికేర్, మెడికెయిడ్ కింద నడిచే నర్సింగ్ హోములు, సెలవుపై వెళ్ళేవారికి పడకను నిలిపి ఉంచే నియమాలను ముందే వ్రాతపూర్వకంగా తెలపాలని అక్కడి ఫెడరల్ నిబంధన. మన ఆశ్రమాలలో ఆ మాట మనమే అడిగి వ్రాయించుకోవాలి.

సొంతవారి విషయంలో వ్రాతకోతలెందుకని కొందరు నొచ్చుకుంటారు. దివ్య ఖురాన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్, బఖరా సూరా 282వది, అప్పును వ్రాసుకోవడం గురించినదే. డబ్బు విషయంలోనే అంత జాగ్రత్త అవసరమైతే, కన్నవారి ప్రాణం విషయంలో ఎంత అవసరం?

తిరిగి అప్పగించేటప్పుడు తప్పిన మాత్ర, తగిలిన దెబ్బ దాచకుండా చెప్పి వ్రాయించండి. మనకు అది ఒక్క నిమిషం మాట. ఆ రాత్రి వారిని కనిపెట్టుకుని ఉండే ఆయాకు అదే దారి చూపుతుంది.