ఖాళీగా ఉన్నా సరే

మా అమ్మకు తమిళం తప్ప చదవడం రాదు. ఫోన్‌లో సరుకులు బొమ్మ చూసే కొంటుంది. మొన్న పెసరపప్పు బొమ్మ నొక్కితే మైసూరుపప్పు వచ్చింది. "పేరు చూసుకోవద్దా?" అని కసిరాను. తర్వాత నేనే జాబితాను గబగబా జరిపి చూశాను. పేరు మారినా పాత బొమ్మ కాసేపు అలాగే ఉంది!

పైకి వెళ్లిపోయిన వరుసనే ఆప్ కింద మరో సరుకుకు వాడుకుంటుందట. బొమ్మ వెనకాల నింపాదిగా దిగుతుంది. అది మంచిదే, లేకపోతే తెర బిగుసుకుపోతుంది. కానీ కొత్తది వచ్చేదాకా పాత బొమ్మ తీసేసి గడి ఖాళీగా ఉంచాలి కదా. ఖాళీ ఉంటే అమ్మ ఆగేది. ఇంగ్లీషు వచ్చినవాళ్లకు ఇది చిన్న లోపమే, బొమ్మే అక్షరమైనవాళ్లకు కాదు.

అమ్మకు ఇదంతా చెప్పాను. "మరి నన్నెందుకు తిట్టావే?" అంది.