క్లౌడ్ కొనేముందు కొలిచి చూడాలి

క్లౌడ్ సర్వర్ అద్దెకు తీసుకునేవారు ధరల పట్టిక ఒక్కటే చూస్తే సరిపోదు. రెండు వీసీపీయూలు, ఎనిమిది జీబీ మెమరీ అని ఒకేలా రాసి ఉన్న యంత్రాలు పనిలో ఒకేలా ఉండవు. ప్రాసెసర్ తరం, డిస్క్ రకం, నెట్‌వర్క్ పరిమితి వేగాన్ని మార్చేస్తాయి.

ఆ తేడా తేల్చే పనిముట్టు ఉచితంగానే దొరుకుతోంది. గూగుల్ 2015లో ఓపెన్ సోర్స్‌గా విడుదల చేసిన పర్ఫ్‌కిట్ బెంచ్‌మార్కర్ అమెజాన్, అజూర్, గూగుల్ క్లౌడ్‌లను ఒకే పద్ధతిలో పరీక్షిస్తుంది. లినక్స్‌లో గిట్‌తో కోడ్ దించుకుని, పైథాన్ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో పిప్‌తో లైబ్రరీలు వేసుకుని, ఆయా క్లౌడ్ కమాండ్‌లైన్ టూల్‌లో లాగిన్ కావాలి. ఆపై ఒక్క కమాండ్ ఇస్తే పర్ఫ్‌కిట్ తనంతట తానే సర్వర్లను సృష్టించి, ఐపెర్ఫ్ టూల్‌తో నెట్‌వర్క్‌ను కొలిచి, చివరకు వాటిని తొలగిస్తుంది. పరీక్ష మధ్యలో ఆగిపోతే మాత్రం కన్సోల్ తప్పక చూసుకోవాలి. మిగిలిపోయిన సర్వర్‌కు బిల్లు పడుతూనే ఉంటుంది.

ఒక్కసారి కొలిస్తే చాలదు. అమెజాన్ టీ3 సర్వర్లు పోగైన సీపీయూ క్రెడిట్లతో కాసేపు పరుగెత్తుతాయి. అవి అయిపోయాక వేగం తగ్గుతుంది, లేదంటే అదనపు చార్జీ పడుతుంది. పది నిమిషాల పరీక్షలో ఆ సంగతి బయటపడకపోవచ్చు.

2022 నుంచి హైదరాబాద్‌లోనూ అమెజాన్ క్లౌడ్ రీజియన్ ఉంది. తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ శాఖలు ముంబై, హైదరాబాద్ రీజియన్లను తమ అసలు పనిభారంతో, వేర్వేరు వేళల్లో కొలిచి, ఫలితాలను సెట్టింగులతో సహా టెండరు పత్రాలకు జతచేయాలి.