అసలు హంతకుడికి కాపలా ఎవరు?

జైలు భాషలో సగం మాటలు మావే. ఖైదు, ఖైదీ, ముద్దాయి, వకీలు, జామీను, దర్యాప్తు, బందోబస్తు, ములాఖత్. అన్నీ ఉర్దూ పారశీల నుంచి తెలుగు కచేరీల్లోకి వచ్చినవే. మాటలే కాదు, మనుషులం కూడా అక్కడ ఎక్కువే. దేశ జనాభాలో మేం నూటికి పద్నాలుగు మందిమి. విచారణ ఖైదీల్లో మా వాటా అంతకంటే ఎక్కువని జాతీయ నేర రికార్డుల సంస్థ లెక్కలే ఏటా చెపుతున్నాయి. దళితుల సంగతీ అంతే. అందుకని ఖైదీల హక్కులంటే మాకు సెమినార్ల చర్చ కాదు, ఇంటి గొడవ.

అలాగే ఆడపిల్లను పోగొట్టుకుని ఏడ్చిన ఇల్లు కూడా మాదే. ఈ రెండు ఏడుపులూ ఒకే కేసులో కలిసి మా రాజమండ్రి సెంట్రల్ జైలు గేటు దాకా వచ్చాయి. ఆ గేటు ముందు నిలబడే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

2007 డిసెంబరు 27న విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నంలో, ఒక ప్రైవేటు లేడీస్ హాస్టల్లో, బీఫార్మసీ చదువుతున్న తెనాలి ముస్లిం అమ్మాయి అత్యాచారానికీ హత్యకూ గురైంది. ఆ పిల్ల పేరు తెలుగునాట తెలియనివాళ్లు లేరు. అత్యాచార బాధితుల పేరు రాయొద్దని చట్టం చెపుతుంది, రాయను. 2008 ఆగస్టులో పోలీసులు పట్టుకొచ్చి ‘ఇతనే’ అని చూపించిన దళిత యువకుడి పేరూ రాయను. నిర్దోషి అని తేలాక కూడా అతను ఆ కేసు పేరుతోనే బతకాలా?

అతను కూలీనాలీ చేసుకునే ఇంటి పిల్లాడు. కస్టడీలో ఉండగానే నరాల జబ్బుతో కాళ్లు పడిపోయిన మనిషి. ఇతనా గోడలెక్కి హాస్టల్లో దూరింది అని జనం నోళ్లు నొక్కుకున్నారు. అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా ఆ మాట అన్నది పిల్లను పోగొట్టుకున్న తల్లే. ‘నా బిడ్డను చంపింది ఇతను కాదు’ అని ఆమె ఊరూరా తిరిగి చెప్పింది. వినలేదు. 2010 సెప్టెంబరులో విజయవాడ మహిళా సెషన్స్ కోర్టు అతన్ని దోషి అంది. 2017 మార్చి 31న హైకోర్టు నిర్దోషి అంది, లక్ష రూపాయలు ఇవ్వమంది. ఒకటి రెండు రోజుల్లో అతను రాజమండ్రి జైలు గేటు దాటి బయటికొచ్చాడు. ఎనిమిదేళ్ల పైచిలుకు వయసుకి లక్ష రూపాయలు!

ఇప్పుడు లెక్క చూద్దాం. అతను లోపల ఉన్న ఎనిమిదేళ్లూ ఎవరు క్షేమంగా ఉన్నారు? ఆ హాస్టల్ పిల్లలా? తెనాలి తల్లా? క్షేమంగా ఉన్నది ఒక్కడే. అసలు హంతకుడు. కేసు మూసేశారు, ముద్దాయి దొరికాడు, ఇక వెతికే పని లేదు. ఒక అమాయకుణ్ణి లోపలేసి తాళం వేసిన రోజున ఆ తాళం హంతకుడికి కాపలా అయింది. ఖైదీ హక్కులకూ ఆడవాళ్ల రక్షణకూ మధ్య తక్కెడ పట్టుకుని కూర్చున్న పెద్దలు ముందు దీనికి జవాబు చెప్పాలి. ఇక్కడ ఖైదీ హక్కు నలిగింది. దానివల్ల ఆడపిల్లకి ఇంచుమించైనా రక్షణ పెరిగిందా?

హైకోర్టు ఆదేశంతో 2018లో కేసు సీబీఐకి వెళ్లింది. ఈలోపు సాక్ష్యాధారాలు విజయవాడ కోర్టులోనే ధ్వంసమైపోయాయని బయటపడింది. చివరికి 2019 డిసెంబరు 14న తెనాలి ఖబరస్తాన్‌లో సమాధి తవ్వి, ఎముకలు బయటికి తీసి మళ్లీ పరీక్ష చేశారు. ఒకసారి మట్టిచ్చిన బిడ్డను మళ్లీ బయటికి తీయడం మా ఇళ్లల్లో ఎంత నరకమో చెప్పలేను. పన్నెండేళ్ల కిందట శ్రద్ధగా చేయాల్సిన పని అది.

దానికి సరిగ్గా ముందురోజు, డిసెంబరు 13న, ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ దిశ బిల్లు పాస్ చేసింది. ఏడు రోజుల్లో దర్యాప్తు, పద్నాలుగు రోజుల్లో విచారణ, ఇరవై ఒక్క రోజుల్లో తీర్పు. ఉరి దాకా శిక్ష. బల్లలు చరిచారు. మరుసటి ఫిబ్రవరిలో మొట్టమొదటి దిశ పోలీస్ స్టేషన్ మా రాజమండ్రిలోనే ప్రారంభించారు. బిల్లుకి రాష్ట్రపతి ఆమోదం రాలేదు, చట్టం కాలేదు. స్టేషన్ పెట్టడం తప్పనను. భయపడ్డ పిల్ల పరిగెత్తుకెళ్లడానికి ఒక గుమ్మం కావాల్సిందే. కానీ ఆ ఇరవై ఒక్క రోజుల చట్టం 2008లో ఉండి ఉంటే? ఆ దళిత పిల్లాడు 2017 చూసేవాడా? మనం తలుపులేసుకుని న్యాయం జరిగిందని నిద్రపోయేవాళ్లం. ఆ తల్లి ఒక్కతే మేలుకుని ఉండేది.

అదే డిసెంబరు 6న చటాన్‌పల్లిలో నలుగురు నిందితుల్ని పోలీసులు కాల్చి చంపారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. ఆ చేతుల్లో మావాళ్ల చేతులూ ఉన్నాయి, దాచను. సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ 2022లో ఆ ఎదురుకాల్పుల కథను నమ్మలేమంది, చనిపోయిన వాళ్లలో ముగ్గురు మైనర్లంది, పోలీసుల మీద హత్య కేసు విచారించాలంది. పూలు చల్లిన మనం ఒక్కసారి 2007 గుర్తు తెచ్చుకోవద్దా? మక్కా మసీదు పేలుడు తర్వాత హైదరాబాదు బస్తీల్లో మా కుర్రాళ్లను ఎత్తుకెళ్లి, కొట్టి, కేసులు పెట్టారు. కోర్టులు వాళ్లను వదిలేశాయి. తర్వాత వేరేవాళ్లను పట్టుకున్నారు. 2018లో వాళ్లనూ వదిలేశారు. నమాజుకెళ్లి చచ్చిపోయినవాళ్లను చంపింది ఎవరో తేలనే లేదు. మా పిల్లల్ని పట్టుకున్న రోజున ‘విచారణ లేకుండా వద్దు’ అన్న నోరు, ఇంకొకడి కొడుకుని కాల్చిన రోజున మూతపడితే అది హక్కుల కోసం పోరాటం అనిపించుకోదు. బంధుప్రీతి అనిపించుకుంటుంది.

పోలీసు చేతికి పగ్గాలు వదిలేస్తే ఆడవాళ్లు బాగుపడతారనుకునే వాళ్లకు ఒక పేరు చెపుతాను. రమీజాబీ. 1978లో హైదరాబాదు నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో ఆమె మీద అత్యాచారం జరిగింది, అడిగిన భర్త దెబ్బలకు చచ్చిపోయాడు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులదే తప్పంది. కేసు రాయచూరు కోర్టుకి పోయింది, ముద్దాయిలు విడుదలయ్యారు. లాకప్పులో హక్కు లేకపోతే మొదట కాలేది ఎవరి ఒళ్లో ఆ కేసు చెపుతుంది. రాజమండ్రిలో మగవాళ్ల జైలొక్కటే లేదు, ఆడవాళ్ల జైలు కూడా ఉంది. ఖైదీ అనగానే మగవాడి మొహమే కనబడే వాళ్లు అక్కడికి కూడా ఒకసారి వెళ్లి రావాలి.

మరి నిజంగా నేరం చేసినవాళ్ల మాటేమిటి అంటారు. అడగాల్సిన ప్రశ్నే. 2022 ఆగస్టు 15న గుజరాత్ ప్రభుత్వం బిల్కిస్ బానో కేసులో పదకొండు మంది ఖైదీల్ని క్షమాభిక్ష పేరుతో విడిచిపెట్టింది. దండలేసి మిఠాయిలు పంచారు. బిల్కిస్‌ను ఒక్క మాట అడగలేదు. 2024 జనవరి 8న సుప్రీంకోర్టు ఆ విడుదలను కొట్టేసి వాళ్లను మళ్లీ జైలుకి పంపింది. ఆ తీర్పుకి సంతోషించాను. దానర్థం క్షమాభిక్షే వద్దనా? ఏళ్లకేళ్లు మగ్గి మారిన మనిషికి బయటికి దారి ఉండాలి. ఆ దారి కులం చూసి, మతం చూసి, ఎన్నికలు చూసి తెరుచుకోకూడదు. బాధితురాలికి చెప్పకుండా, ఆమె భయం వినకుండా తెరుచుకోకూడదు. అన్నం, మందు, వకీలు, ములాఖత్ ప్రతి ఖైదీకీ హక్కు, ఎంత ఘోరం చేసినవాడికైనా. ముందుగా విడుదల కావడం మాత్రం కారణాలు చెప్పి, బాధితుల మాట విని, నిర్ణయించాల్సిన సంగతి. ఈ రెంటినీ కలగాపులగం చేసేవాళ్లే ఖైదీనీ ఆడదాన్నీ ఎదురెదురుగా నిలబెడుతున్నారు.

2023లో చంద్రబాబు నాయుడు గారు ఇదే రాజమండ్రి జైల్లో యాభై రోజులకు పైగా ఉన్నారు. దోమలు, ఉక్కపోత, ఇంటి భోజనం, ఆరోగ్యం, అన్నీ పత్రికలకెక్కాయి. ఎక్కాల్సిందే. అవన్నీ హక్కులే. అదే గోడల మధ్య కాళ్లు పడిపోయిన కూలివాడి సంగతి అంత వివరంగా ఏ పత్రిక రాసింది?

ఇక మన ఇంటి సంగతి. 2008 జనవరిలో మా వీధిలో రెండిళ్లల్లో ఆడపిల్లల కాలేజీ మాన్పించారు. ‘హాస్టల్‌కి పంపితే ఇంతే’ అన్నారు మన పెద్దలు. హంతకుడు బయట తిరుగుతుంటే పిల్లల్ని లోపల పెట్టారు. అదీ ఖైదే. దానికి వకీలు లేడు, జామీను లేదు. మసీదు మెట్ల మీద ముస్లిం కుర్రాళ్ల అక్రమ అరెస్టుల గురించి ఆవేశపడే మన నాయకులు ఆ చదువులు ఆగిపోయినందుకు ఒక్క మాటన్నా అన్నారా? హక్కుల సంఘాల మిత్రులారా, మీరు ఆ దళిత యువకుడి పక్కన నిలబడ్డారు, సలాం. అతను విడుదలయ్యాక ఆ అమ్మాయికి న్యాయం అనే సగం పని మిగిలే ఉంది, మర్చిపోవద్దు. ఉరి ఉరి అని అరిచే అక్కలారా, 2013లో జస్టిస్ వర్మ కమిటీ అత్యాచారానికి ఉరి శిక్షను సిఫారసు చేయలేదు. శిక్ష ఎంత ఘోరంగా ఉందన్నదాన్ని బట్టి నేరగాడు భయపడడు, దొరుకుతానా లేదా అన్నదాన్ని బట్టి భయపడతాడు.

దొరకాలంటే ఏం కావాలి? కొట్టి ఒప్పించే పోలీసు వద్దు, ఆధారం పోగేసే పోలీసు కావాలి. అరెస్టయిన రోజే వకీలు కావాలి. స్టేషన్‌లో కెమెరాలు పనిచేయాలి. సాక్ష్యాలు కోర్టులో భద్రంగా ఉండాలి. దొంగ కేసు కట్టిన అధికారికి శిక్ష పడాలి. ప్రతి ఆడపిల్లల హాస్టల్‌కీ ఒక బాధ్యుడు, ఒక తనిఖీ ఉండాలి. ఇందులో ఖైదీ కోసం అడిగింది ఏది, ఆడపిల్ల కోసం అడిగింది ఏది? విడదీసి చూపించండి.

ఆ యువకుడు బయటికొచ్చాడు. ఆ తల్లి మాత్రం ఇంకా అదే ప్రశ్నతో ఉంది. ఆమె బిడ్డను చంపినందుకు ఇంతవరకు ఇంకెవరికీ శిక్ష పడలేదు. తన బిడ్డ పేరు మీద ఇంకొక తల్లి బిడ్డ జైల్లో కుళ్లకూడదని ఆమె అంత దుఃఖంలోనూ చెప్పగలిగింది. ఉర్దూ మా ఇళ్లల్లో దీన్నే ఇన్సాఫ్ అంటుంది. ఇన్ని మాటలు మా దగ్గర తీసుకున్న తెలుగు కచేరీ ఈ ఒక్క మాటా ఎందుకు తీసుకోలేదు?