ఇద్దరి చాయ్‌కి దావత్ దేగా?

ఫ్రంటెండ్ నేర్చుకునే పిల్లలు ఇప్పుడు మన మొహల్లాల్లో గల్లీకొకరు కనిపిస్తున్నారు. నలుగురు ఒకచోట చేరితే బహస్ ఎక్కడెక్కడో తిరిగి ఒకే ప్రశ్న దగ్గర ఆగుతుంది. స్టేట్ మేనేజ్‌మెంట్‌కి ఏ లైబ్రరీ? రీడక్సా, జుస్టాండా, జోటాయా? నా జవాబ్ చాలామందికి నచ్చదు. చిన్న సైట్‌కి మొదట ఏదీ వద్దు. నిజంగా జరూరత్ పడితే జుస్టాండ్ లాంటి చిన్నది చాలు. రీడక్స్‌ని ఉద్యోగం కోసం బాగా నేర్చుకోండి, కానీ మొహల్లా సైట్‌లో పెట్టకండి.

ఈ గొడవేంటో తెలియని అమ్మీలకీ అబ్బాలకీ ఒక మాట. స్టేట్ అంటే హాలత్. పేజీ ఈ క్షణాన ఏ హాలత్‌లో ఉంది? మనిషి లాగిన్ అయ్యాడా, బుట్టలో ఎన్ని వస్తువులున్నాయి, అక్షరాలు పెద్దవి కావాలన్నాడా చిన్నవా? ఆ హిసాబ్ అంతా ఎక్కడో ఒకచోట రాసుకోవాలి. ఆ ఖాతా పుస్తకమే స్టేట్ మేనేజ్‌మెంట్ లైబ్రరీ. తమాషా ఏంటంటే జుస్టాండ్ అనేది జర్మన్ మాట, జోటాయ్ జపనీస్ మాట, రెండింటికీ అర్థం హాలతే. వాల్టియో అని వీటికి ఇంకో తమ్ముడున్నాడు. అది ఫిన్నిష్‌లో స్టేట్, కాకపోతే హుకూమత్ అనే అర్థంలో స్టేట్! ఈ మూడింటిలోనూ దైషి కాటో అనే జపాన్ ప్రోగ్రామర్ చెయ్యి ఉంది.

ఇక అసలు సంగతి. నాకు తెలిసింది ఖబర్ల పని కాబట్టి చిన్న వార్తల సైట్‌నే మిసాల్‌గా తీసుకుంటాను. తెలుగులోనూ ఉర్దూలోనూ వార్తలొస్తాయి, వెతుక్కునే డబ్బా ఉంది, కామెంట్లున్నాయి, వార్తని చదివి వినిపించే ఆడియో ఉంది. కొత్తగా పనిలో చేరిన కుర్రాడు ఏం చేస్తాడు? ఇన్‌స్టిట్యూట్‌లో నేర్పినట్టే వీటన్నింటినీ ఒకే పెద్ద స్టోర్‌లో పోస్తాడు. రజాయిలూ గిన్నెలూ కాగితాలూ అన్నీ ఒకే సందూక్‌లో కుక్కినట్టు. తర్వాత సుయీధాగా కావాలంటే సందూక్ మొత్తం బోర్లించాలి.

బోర్లించే ముందు ఒక్కోదాన్నీ పట్టుకుని ఇది ఎవరి మాల్ అని అడగాలి.

వార్తల జాబితా మనది కాదు, సర్వర్‌ది. మన దగ్గరున్నది అమానత్. దాన్ని మన సొంత స్టోర్‌లో పెట్టుకుని సొంతదిలా వాడితే, అక్కడ హెడ్డింగ్ మారినా ఇక్కడ పాతదే కనిపిస్తుంది. అమానత్‌ని ఎప్పుడు తాజా చేయాలి, ఎప్పుడు పారేయాలి, నెట్ లేకపోతే ఏం చూపాలి అన్న ఇంతెజామ్ కోసం టాన్‌స్టాక్ క్వెరీ, ఎస్‌డబ్ల్యూఆర్ లాంటివి వేరే ఉన్నాయి. ఆ పని వాటికి అప్పజెప్పగానే పెద్ద స్టోర్‌లో సగం ఖాళీ అయిపోతుంది. వెతికిన మాట యూఆర్‌ఎల్‌ది. అక్కడుంటేనే ఆ లింక్‌ని దోస్త్‌కి వాట్సాప్‌లో పంపితే అతనికీ అదే పేజీ తెరుచుకుంటుంది. కామెంట్ డబ్బాలో సగం టైపు చేసిన మాట ఆ డబ్బాదే. రియాక్ట్‌తో వచ్చే యూజ్‌స్టేట్ దానికి సరిపోతుంది.

భాష సంగతి మాత్రం నాజూకైనది. తెలుగు ఎడమ నుంచి కుడికి, ఉర్దూ కుడి నుంచి ఎడమకి. ఉర్దూ బటన్ నొక్కితే మెనూ, బొమ్మలు, బాణం గుర్తులు, మొత్తం పేజీ తిరగబడాలి. అందరికీ సంబంధించింది గదా, స్టోర్‌లో పెడదాం అనిపిస్తుంది. కానీ ఆ ఎంపికని బ్రౌజర్‌లోని లోకల్ స్టోరేజ్‌లోనే దాచితే, జావాస్క్రిప్ట్ దిగి దాన్ని చదివేదాకా పేజీకి ఆ సంగతి తెలియదు. ముందు తెలుగు వరసలో కనిపించి, అరక్షణం తర్వాత గిరుక్కున తిరుగుతుంది. పాత ఫోన్‌లో ఉర్దూ చదివే నానీమాకి ఆ అరక్షణం రెండు క్షణాలవుతుంది. భాషని యూఆర్‌ఎల్‌లోనే పెడితే సర్వర్ మొదటి నుంచే సరైన దిక్కులో పేజీ పంపుతుంది. ఉర్దూ పాఠకుడు మన సైట్‌కి బిన్ బులాయే మెహమాన్ కాదు, అతని కోసం ఈ మాత్రం ఆలోచించాలి.

ఇన్ని తీసేశాక ఏం మిగిలింది? అక్షరాల సైజు, రాత్రి రంగు, ఆడియో. ఆడియో అసలైన కేసు. వార్త దగ్గర ఒక బటన్, స్క్రీన్ అడుగున ఒక పట్టీ. ఇక్కడ ఆపితే అక్కడా ఆగాలి, వేరే పేజీకి వెళ్లినా పాట తెగినట్టు తెగకూడదు. దూరదూరంగా ఉన్న రెండు ముక్కలకి ఒకే హాలత్ తెలియాలి. ఇక్కడ జుస్టాండ్ పెట్టండి. విలువలూ వాటిని మార్చే ఫంక్షన్లూ ఒక పది లైన్లలో రాస్తే స్టోర్ తయార్. ప్రొవైడర్ అనే చాదర్ కప్పనక్కర్లేదు. రియాక్ట్‌లో ఉన్న కాంటెక్స్ట్‌తో సరిపెట్టొచ్చుగా అంటారు. సరిపెట్టొచ్చు, రాత్రి రంగు లాంటి అరుదుగా మారే వాటికి. సెకనుకోసారి మారే ఆడియో టైమ్‌ని అందులో పెడితే దాన్ని వాడుకునే ప్రతి ముక్కా సెకనుకోసారి మళ్లీ గీసుకుంటుంది. జుస్టాండ్‌లో ఎవరికి కావాల్సిన ముక్కని వాళ్లు ఎంచుకుంటారు, అది మారినప్పుడే కదులుతారు. (వ్యూ వాడేవాళ్లకి పీనియా ఉంది, స్వెల్ట్‌లో ఇంట్లోనే ఉంది. వాళ్లకి ఈ ఫికరే లేదు.)

తేలిక అనగానే పిల్లలు కేబీలు లెక్కపెడతారు. కుదించాక జుస్టాండ్ దాదాపు 1 కేబీ, రీడక్స్ టూల్‌కిట్‌నీ రియాక్ట్ రీడక్స్‌నీ కలిపితే 10 కేబీ దాటుతుంది. నిజమే. కానీ వార్త పైన పెట్టే ఫోటో ఒక్కటే దానికి ఎన్నో రెట్లుంటుంది. నా దృష్టిలో అసలు బోఝ్ మనిషి మీద పడేది. ఇలాంటి సైట్లని పెంచేది జీతం సరిగ్గా అందని ఒక్క కుర్రాడు. ఏడాదికి మంచి నౌకరీ దొరికి వెళ్లిపోతాడు, వెళ్లాలి కూడా. అతని జాగాలో వచ్చిన అమ్మాయి ఒక్క సాయంత్రంలో కోడ్ చదివి, బటన్ నొక్కితే ఏమవుతుందో వేలు పెట్టి చూపగలగాలి. చూపలేకపోతే సైట్ ఆగిపోతుంది. మూడు నెలలు ముట్టని సైట్ పేరుతో ఎవరూ ఖబర్ పంపరు.

రీడక్స్‌ని తిట్టడం నా ఉద్దేశం కాదు. 2015లో డాన్ అబ్రమోవ్, ఆండ్రూ క్లార్క్ దాన్ని తెచ్చినప్పుడు ఏది ఎందుకు మారిందో అడుగడుగునా వెనక్కి వెళ్లి చూసే వీలు చాలా మందికి కొత్త. యాభై మంది పనిచేసే పెద్ద యాప్‌కి ఆ సలీఖా ఇప్పటికీ కావాలి. 2019లో వచ్చిన టూల్‌కిట్‌తో రాత కూడా చాలా తగ్గింది. అయితే ఇది అందరికీ అక్కర్లేకపోవచ్చని 2016లోనే వ్యాసం రాసింది అబ్రమోవే. ఉస్తాదే అన్నాక షాగిర్ద్‌లకి ఇంత జిద్ ఎందుకో!

పెద్ద పేరు చూసి ఎంచుకోవడం ఇంకో జబ్బు. రీకాయిల్ 2020లో ఫేస్‌బుక్ ఇంటి నుంచి వచ్చింది. ఆ ఇంటి బిడ్డ అని నమ్మి పెట్టుకున్నవాళ్లు ఎందరో. 2025 జనవరిలో దాని రిపాజిటరీని ఆర్కైవ్ చేశారు. అందుకే ఖాందాన్ కన్నా ముందు చివరి రిలీజ్ ఎప్పుడొచ్చిందో చూడమంటాను.

చిన్నదైనా జుస్టాండ్‌కీ నఖరాలున్నాయి. సర్వర్ మీద నడిచే నెక్స్ట్ లాంటి వాటిలో స్టోర్‌ని ఫైల్ పైన ఒక్కటే తయారు చేసి అందులో మనుషుల వివరాలు పెడితే, ఒకరి హాలత్ ఇంకొకరి పేజీలో బయటపడే ఖతరా ఉంది. ఇది బగ్ కన్నా పెద్ద మాట, ఇజ్జత్ మాట. అలాంటి చోట ప్రతి రిక్వెస్ట్‌కీ వేరే స్టోర్ కట్టాల్సిందే. 2024లో వచ్చిన అయిదో వెర్షన్‌లో సెలెక్టర్ నుంచి ప్రతిసారీ కొత్త ఆబ్జెక్ట్ తిరిగిస్తే పేజీ అదే చక్రంలో తిరుగుతూ ఎర్రర్ ఇస్తుంది. విలువల్ని విడివిడిగా తీసుకోండి, లేదా యూజ్‌షాలో వాడండి. ఆ వెర్షన్‌కి కనీసం రియాక్ట్ 18 కావాలి. మీ సైట్ ఇంకా 17 మీద ఉంటే తొందరపడొద్దు, నాలుగో వెర్షన్ దగ్గరే ఆగండి.